‘లక్ష్మీ’లో మ వత్తు: సీఎన్‌సీ రౌటర్ మీద నా మొదటి దుకాణం బోర్డు

ఆర్డర్ ఇది. పరకాల రోడ్డులో కొత్తగా పెడుతున్న ఎరువుల దుకాణానికి పన్నెండు అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తు బోర్డు కావాలి. తెల్ల ఏసీపీ షీట్ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) మీద ఎర్ర అక్షరాలు, గోడలోంచి లేచి వచ్చినట్టు కనపడాలి. పైన పేరు పెద్దగా, కింద ‘ఎరువులు, విత్తనాలు, పురుగు మందులు’ అని చిన్నగా. దుకాణం పేరు ఇక్కడ రాయను కానీ అందులో ‘లక్ష్మీ’ అనే మాట ఉంది. నన్ను ఎక్కువ ఏడిపించింది, ఎక్కువ నేర్పించింది ఆ మాటే. మిరుగు (మృగశిర కార్తె) కంటే ముందే బోర్డు ఎక్కాలన్నారు. అడ్వాన్స్ ఇచ్చింది మే నెల మధ్యలో. మెషిన్ అంటే సీఎన్‌సీ రౌటర్, కంప్యూటర్‌లో గీసిన గీత వెంట గిర్రున తిరిగే బిట్‌ను నడిపి షీట్ కోసేది. అది మా షెడ్డులో దిగి అప్పటికి నలభై రోజులు.

అంతకు ముందు పద్నాలుగేళ్లు నేను హన్మకొండలో డీటీపీ చేశాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, తర్వాత ఫ్లెక్సీ డిజైన్లు. మేడారం జాతర వచ్చిందంటే రాత్రింబవళ్లు స్వాగత ఫ్లెక్సీలే. అను ఫాంట్లలో ఏ అక్షరం ఏ కీ దగ్గర ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. అందుకే ధైర్యంగా సెకండ్ హ్యాండ్‌లో 1325 మెషిన్ కొన్నాను. దాని బెడ్ 1300 × 2500 మి.మీ., ఎనిమిది బై నాలుగు షీట్ పూర్తిగా పడుతుంది. బిట్‌ను తిప్పే మోటార్, అంటే స్పిండిల్, 3 కిలోవాట్ల వాటర్ కూల్డ్ రకం; చేతిలో పట్టుకునే డీఎస్‌పీ కంట్రోలర్.

లేజర్ ఎందుకు కొనలేదని చాలామంది అడుగుతారు. అక్రిలిక్ ఒక్కటే కోసేవాళ్లకు లేజర్ మంచిదే, అంచు అద్దంలా వస్తుంది. కానీ ఏసీపీకి రెండు వైపులా ఉండే అల్యూమినియం రేకును మామూలు సీఓ2 లేజర్ కోయలేదు. ఇక మనం ఫోమ్ షీట్ అనేది పీవీసీ. దాన్ని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మనిషి ఊపిరితిత్తులకూ చెడ్డదే, మెషిన్‌కూ తుప్పు పట్టిస్తుంది. దుకాణం బోర్డుల్లో ఎక్కువ పని ఈ రెండింటితోనే కాబట్టి రౌటర్ తీసుకున్నాను.

నా తప్పంతా ఒక్క అలవాటులో ఉంది. ఫ్లెక్సీ మెషిన్‌కు ఫైల్ పంపినట్టే దీనికీ పంపొచ్చు అనుకున్నాను. స్క్రీన్ మీద ఎంత సన్నని సందు గీసినా ఇంకు దాన్ని వదిలేసి చుట్టూ పడుతుంది. రౌటర్‌లో ఆ సందులోకి బిట్ దిగాలి. బిట్‌కు లావు ఉంది. ఈ ముక్క ఎవరైనా చెబితే ‘అదెవరికి తెలియదు’ అనిపిస్తుంది. నాకు మాత్రం రెండు షీట్లు పాడయ్యాక తెలిసింది.

మొదటి కోత

కింది వరుస చిన్న అక్షరాలతో మొదలుపెట్టాను. ఎత్తు 75 మి.మీ., ఎర్ర అక్రిలిక్, 5 మి.మీ. మందం. స్పిండిల్‌లో అమ్మినాయన వదిలేసిన 6 మి.మీ. బిట్ ఉంది. చెక్కకు వాడే రెండు ఫ్లూట్ల (కోసే పళ్ల) బిట్ అది. నిమిషానికి 24,000 చుట్లు, ఫీడ్ (బిట్ ముందుకు సాగే వేగం) నిమిషానికి 800 మి.మీ. పెట్టాను. నెమ్మదిగా పోతే నీట్‌గా వస్తుందని నా నమ్మకం.

అర నిమిషంలో వాసన మొదలైంది. బిట్ చుట్టూ ఎర్రటి ముద్ద పేరుకుంది. కోసిన గాడి వెనకాలే మళ్లీ అతుక్కుపోతోంది. ఆపి చూస్తే అక్రిలిక్ కరిగి లక్కలా సాగింది.

కారణం లెక్కలో దొరికింది. ఫీడ్‌ను చుట్ల సంఖ్యతో, ఫ్లూట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పంటి కోతకు ఎంత ముక్క లేస్తుందో వస్తుంది. 800ను 24,000తో, మళ్లీ 2తో భాగిస్తే 0.017 మి.మీ. కూడా లేదు. అంత సన్నటి ముక్కను బిట్ కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి. ఆ వేడిని బయటికి తీసుకుపోవాల్సింది లేచే పొట్టే, ఆ పొట్టు లేవడమే లేదు. అక్రిలిక్‌కు కావాల్సింది ఒకే ఫ్లూట్ ఉన్న బిట్, తక్కువ చుట్లు, ఎక్కువ ఫీడ్. ఇప్పుడు 3 మి.మీ. సింగిల్ ఫ్లూట్‌తో 18,000 చుట్లు, 1500 ఫీడ్ పెడతాను. ఒక్కో కోతకు 0.083 మి.మీ. వస్తుంది. పొట్టు చెక్కెర పలుకుల్లా విడివిడిగా ఎగిరి పడుతుంటే సరిగ్గా ఉందని అర్థం. దారాల్లా వేలాడుతుంటే కరుగుతోందని అర్థం. షీట్ కూడా చూసుకోవాలి. కాస్ట్ అక్రిలిక్ శుభ్రంగా తెగుతుంది. ఎక్స్‌ట్రూడెడ్ రకం చవకే కానీ తొందరగా మెత్తబడుతుంది. మా తొలి షీట్ రెండో రకం. నేను అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు.

వేగం సరిచేసుకుని అదే 6 మి.మీ. సైజులో సింగిల్ ఫ్లూట్ బిట్‌తో రెండో షీట్ కోశాను. ఈసారి అంచులు బాగా వచ్చాయి. ఫిల్మ్ తీసి బల్ల మీద వరుసగా పేర్చాను. ఏదో తేడాగా ఉంది కానీ ఏంటో పట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం దుకాణం వాళ్ల తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. ఒక్క చూపుకే అన్నాడు: “గీ అక్షరాల కన్నులు మూసుకపోయినయేందన్నా? దూరంకెళ్లి ఎట్ల సదువుతరు?”

నిజమే. ‘వి’ మీద గుడి లోపల ఉండాల్సిన కన్ను లేదు. ‘మం’ పక్కన సున్నా బిళ్లలా ఉంది. ఆ సందులు 5 మి.మీ. కంటే తక్కువ. 6 మి.మీ. బిట్ పట్టని చోటును సాఫ్ట్‌వేర్ కోతలోంచి తీసేసింది. మెషిన్ తప్పేమీ చేయలేదు, పట్టినంత మేర కోసింది. కోత దారి తయారుచేసే వీకార్వ్ సాఫ్ట్‌వేర్‌లో కోసే ముందు ప్రివ్యూ చూసుంటే అక్కడే తెలిసేది. నేను దాన్ని ఆడంబరం అనుకుని దాటేశాను.

కాగితం మీద బిట్

ములుగు రోడ్డులో తలుపుల డిజైన్లు, పూజా మందిరాలు కోసే పెద్దాయన ఒకరున్నారు. రౌటర్ మీద చాలా ఏళ్ల అనుభవం. కంప్యూటర్ పని ఆయన అల్లుడు చూస్తాడు, మెషిన్ దగ్గర మాత్రం ఆయనే. పాడైన అక్షరాలు సంచిలో వేసుకుని వెళ్లి చూపించాను. ఒక్కోటి వేలితో తడిమి చూశారు.

“తమ్మీ, కంప్యూటర్ల సూస్తే ఏం కనవడది. అసలు సైజుల కాయితం మీద తీస్కరా. బిట్టు చేతుల వట్టుకొని గా సందులకెళ్లి నడిపియ్యి. నీ చెయ్యి ఆగినకాడ మిషిన్ గూడ ఆగుతది.”

ఆ రాత్రే ‘విత్తనాలు’ మాటను అసలు సైజులో ప్రింట్ తీశాను. 6 మి.మీ. బిట్‌ను నిలబెట్టి అక్షరం లోపలి తెల్ల సందుల్లో జరుపుతూ పోయాను. ‘వి’ గుడిలోకి దిగలేదు. త వత్తు కొక్కెంలో సగం దాకా పోయి ఆగింది. ‘నా’ దీర్ఘం మలుపులో నల్ల గీతను తొక్కింది. 3 మి.మీ. బిట్ పెట్టి చూస్తే దాదాపు అన్ని చోట్లా పట్టింది కానీ గుడిలో ఇటూ అటూ వెంట్రుకంత ఖాళీయే. పద్నాలుగేళ్లు ఈ అక్షరాలను రోజూ చూశాను. వాటి లోపలి ఖాళీని చేత్తో కొలిచింది ఆ రాత్రే.

అక్కడ ఇంకో సంగతి కూడా బోధపడింది. రౌటర్ బిట్ గుండ్రం. అందుకని ఇంగ్లిష్ ఈ, ఎఫ్, ఎల్ లాంటి అక్షరాల లోపలి మూలలను ఎప్పుడూ పదునుగా కోయలేదు, మూల గుండ్రబడుతుంది. మన లిపి మొత్తం వంపులే. ఈ మెషిన్‌కు తెలుగు కన్నా అనువైన లిపి దొరకడం కష్టం, సందు ఒక్కటి సరిగ్గా ఇస్తే చాలు. తెలుగు రాయడం కష్టమని ఇంగ్లిష్‌లో బోర్డు చేయమని చెప్పే సైన్ వర్క్స్ వాళ్లతో నేను ఈ విషయంలో ఒప్పుకోను.

దుకాణం వాళ్లతో మాట్లాడి రెండు మార్పులు చేశాను. బాగా లావు ఫాంట్ తీసేసి మధ్యరకం తీసుకున్నాను. చిన్న అక్షరాల ఎత్తు 75 నుంచి 100 మి.మీ.కు పెంచాను. గుడి లోపలి సందు 8 మి.మీ. దాకా వచ్చింది. లావు అక్షరమే దూరానికి బాగా కనపడుతుందని వాళ్ల పట్టు. రెండు రకాలూ ప్రింట్ తీసి గోడకు అంటించి, రోడ్డు అవతల నిలబెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

‘లక్ష్మీ’ రెండు ముక్కలు

పేరు అక్షరాలు 300 మి.మీ. ఎత్తు. వెనక 18 మి.మీ. ఫోమ్ షీట్, ముందు 3 మి.మీ. ఎర్ర అక్రిలిక్ ముఖం. ఇంత పెద్ద అక్షరంలో సందుల బెంగ లేదనుకుని ఫోమ్ షీట్ ఎక్కించాను. క్ష్మీ దగ్గరికి వచ్చేసరికి బిట్ అక్షరం బయటి అంచు వెంట పోవాల్సింది పోయి మెడ లోపలికి అడ్డంగా దిగింది. ఎమర్జెన్సీ స్విచ్ నొక్కేలోపు గుడి దీర్ఘం వేరు, క్ష వేరు అయిపోయాయి.

డీటీపీ వాళ్లకు ఈ కారణం వెంటనే అర్థమవుతుంది. మనం టైపు చేసే పాత ఫాంట్లలో చాలా అక్షరాలు ముక్కలుగా అతికినవే. ఒంటి ముక్క ఒకటి, తలకట్టో గుడో ఇంకొకటి, వత్తు మరొకటి. ఒకదాని అంచు ఇంకొకదాని లోపలికి చొచ్చుకుని ఉంటుంది. ప్రింట్‌లో రెండూ నలుపే కాబట్టి ఆ అతుకు ఎవరికీ కనపడదు. కోరెల్ డ్రాలో కర్వ్స్‌గా (టైపు అక్షరం కాకుండా ఒట్టి గీతలుగా) మార్చినా ఆ రెండు ఔట్‌లైన్లూ అలాగే ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రౌటర్‌కు నలుపు తెలియదు, గీత ఒక్కటే తెలుసు. లోపల దాగిన గీత వెంట కూడా అది పోతుంది.

మందు సులువే: కర్వ్స్ చేశాక అక్షరంలోని ముక్కలన్నీ కలిపి వెల్డ్ చేయాలి, అంటే అన్నిటికీ ఒకే బయటి గీత ఉండేలా చేయాలి. తర్వాత వైర్‌ఫ్రేమ్ వ్యూలో పెట్టి, రంగు లేకుండా ఒట్టి గీతలుగా ప్రతి అక్షరాన్నీ పెద్దది చేసి చూడాలి. గీత మీద గీత ఎక్కడా ఉండకూడదు. వెల్డ్ చేసినప్పుడు ఒక్కోసారి అతుకు దగ్గర గోరంత చీలిక మిగులుతుంది, దాన్ని చేత్తో పూడ్చాలి. నోడ్స్ (గీత ఆకారాన్ని పట్టి ఉంచే చుక్కలు) కూడా ఎక్కువగా ఉంటాయి. వంపులో ఇరవై నోడ్స్ ఉంటే మెషిన్ ప్రతి నోడ్ దగ్గరా తడబడుతూ గడగడలాడుతుంది, అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. నేను ఒక్కో వంపుకు మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేస్తాను. ఫైల్ కూడా డీఎక్స్‌ఎఫ్‌గా కాకుండా ఈపీఎస్‌గా పంపితే వంపులు వంపులుగానే వస్తున్నాయి.

ఇంకో చిక్కు ఫోమ్‌కూ అక్రిలిక్‌కూ మధ్య వచ్చింది. 18 మి.మీ. లోతుకు 3 మి.మీ. బిట్ పంపితే విరుగుతుంది, అందుకని ఫోమ్‌ను 6 మి.మీ. బిట్‌తోనే కోయాలి. ముఖాన్ని 3 మి.మీ. బిట్‌తో కోశాను. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే లోపలి మలుపుల దగ్గర ఫోమ్ తెల్లగా తొంగిచూస్తోంది. 6 మి.మీ. బిట్ లోపలి మూలలో 3 మి.మీ. వ్యాసార్ధం వదులుతుంది, 3 మి.మీ. బిట్ 1.5 వదులుతుంది. అందుకని డ్రాయింగ్‌లోనే పదునైన లోపలి మూలలన్నిటినీ 3.2 మి.మీ.కు గుండ్రం చేశాను. అప్పుడు ఏ బిట్‌తో కోసినా ఒకే ఆకారం.

ఇక మ వత్తు. తెలుగులో చాలా వత్తులు అక్షరానికి అంటుకోకుండా విడిగా ఉంటాయి. పెద్ద అక్షరం బరువుకు కదలదు. వత్తు చిన్నది, ఆఖరి రౌండ్‌లో షీట్ నుంచి విడిపోగానే బిట్ దాన్ని పట్టుకుని విసిరింది. అది నా భుజం పక్కనుంచి పోయి షట్టర్‌కు తగిలింది, బిట్ విరిగింది. ఆ రోజు నేను కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఇప్పుడు కళ్లద్దాలు, మాస్క్ లేకుండా మా షెడ్డులో స్పిండిల్ తిరగదు. గ్లౌజులు మాత్రం వద్దు, తిరిగే బిట్‌కు దారం చిక్కితే చెయ్యి లాగేస్తుంది. చిన్న ముక్కలకు మూడు నాలుగు చోట్ల షీట్‌ను కోయకుండా సన్నని బ్రిడ్జ్‌లు వదిలి తర్వాత బ్లేడుతో కోసి నున్నగా చేస్తాను. మరీ చిన్నవైతే షీట్ కింద ఒక వరుస, బెడ్ మీద ఒక వరుస మాస్కింగ్ టేప్ వేసి మధ్యలో ఫెవిక్విక్ చుక్కలు పెట్టి అతికిస్తాను. పనయ్యాక టేప్ లాగితే మరక లేకుండా వస్తుంది.

బెడ్

బోర్డు పన్నెండు అడుగులు, మెషిన్ ఎనిమిది. అందుకని ఆరేసి అడుగుల రెండు ఏసీపీ ముక్కలు చేసి, అతుకు సరిగ్గా రెండు మాటల మధ్య ఖాళీలో పడేలా పేరును జరిపాను. అంచులు వెనక్కి మడవాలంటే వెనక వైపు 90 డిగ్రీల వీ బిట్‌తో గాడి తీయాలి. 3 మి.మీ. షీట్‌లో గాడి లోతు 2.4. ముందు రేకు, దాని మీద కొద్దిగా ప్లాస్టిక్, అంతా కలిపి 0.6 మి.మీ. మిగలాలి. తక్కువ మిగిలితే రేకు తెగుతుంది, ఎక్కువ మిగిలితే మడిచేటప్పుడు చిట్లుతుంది.

మా మెషిన్‌లో ఒక చివర చక్కగా మడత పడింది, రెండో చివర రేకు తెగి వెలుతురు కనపడింది. బెడ్ అటువైపు 0.7 మి.మీ. ఎత్తుగా ఉంది. అక్షరాలు కోసినన్నాళ్లూ ఆ తేడా బయటపడలేదు, ఎందుకంటే అక్కడ షీట్ దాటి కాస్త లోతుకు పోయినా నష్టం లేదు. బెడ్ మీద 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొడితో చేసిన పలక) బిగించి, ఒక అంగుళం ఫ్లాట్ బిట్‌తో ఈ చివర నుంచి ఆ చివర దాకా పైపొర గీకించాను. స్పిండిల్ తనకు తానే సమంగా చేసుకున్న బల్ల అది. వానాకాలంలో ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది కాబట్టి మళ్లీ గీకాలి. కొత్తగా మెషిన్ కొన్నవాళ్లు ఏ షీట్ ఎక్కించకముందే ఈ పని చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

అసలు కోత

మే చివరి వారం. షెడ్డు పైన రేకులు, స్పిండిల్‌ను చల్లబరిచే బకెట్ నీళ్లు మధ్యాహ్నానికే వేడెక్కుతున్నాయి. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాను. ఆ టైంలో వోల్టేజ్ కూడా బాగుంటుంది. కరెంట్ పోతే మెషిన్‌ను అటూ ఇటూ జరిపే స్టెప్పర్ మోటార్లు స్థానం మర్చిపోతాయి. అందుకే జాబ్ మొదలెట్టే ముందు షీట్ మూలలో జీరో పాయింట్ (మెషిన్ కొలతలు మొదలుపెట్టే చోటు) దగ్గర చిన్న చుక్క రంధ్రం కొట్టించాను. కరెంట్ రెండుసార్లు పోయింది, రెండుసార్లూ బిట్ కొసను ఆ రంధ్రంలోకి తెచ్చి అక్కడి నుంచే కొనసాగించాను.

చిన్న అక్షరాల కోత పొడవు 14 మీటర్లు. రెండు రౌండ్లు, ఫీడ్ 1500, లెక్కకు 19 నిమిషాలు. నిజానికి 31 పట్టింది. వంపుల్లో మెషిన్ వేగం తగ్గుతుంది, లేచి దిగడానికి టైం పోతుంది. రేటు మాట్లాడేటప్పుడు ఇది నాకు తెలియదు. ఫ్లెక్సీ అలవాటున 36 చదరపు అడుగులకు లెక్క కట్టి చెప్పాను. షీట్ల నష్టం పక్కన పెట్టినా ఆ రేటు తప్పే. అక్షరాల పని విస్తీర్ణంలో ఉండదు, అంచు పొడవులో ఉంటుంది. వత్తులు, గుడులు ఎక్కువ ఉన్న పేరుకు పని ఎక్కువ. ఇప్పుడు ఫైల్ సిద్ధం చేసి, కోత పొడవు చూశాకే ధర చెబుతున్నాను. ఆ బోర్డు మీద నాకు ఏమీ మిగల్లేదు.

బిగింపు కోసం ఏసీపీ మీద రంధ్రాలను కూడా అదే ఫైల్‌తో మెషిన్‌తోనే కొట్టించాను. ప్రతి పెద్ద అక్షరానికీ, ప్రతి వత్తుకూ కనీసం రెండు. వెనక నుంచి స్క్రూ ఫోమ్‌లోకి దిగుతుంది. ఒక్క రంధ్రమే ఇస్తే వత్తు తిరిగిపోయి అక్షరం మారినట్టు కనపడుతుంది. చిన్న అక్షరాలను కాగితం టెంప్లేట్ పెట్టి డబుల్ సైడ్ టేప్, సిలికాన్‌తో అతికించాను. మిరుగుకు నాలుగు రోజుల ముందు బోర్డు ఎక్కింది. దుకాణం వాళ్లమ్మ రోడ్డు అవతలి గట్టు మీద నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. నేను ‘విత్తనాలు’ దాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

తర్వాతి ఏడాది వేసవిలో ఫోన్ వచ్చింది. కోతులు బోర్డు మీద ఎక్కి ఊగితే మ వత్తు ఊడి కింద పడిందట, ముఖం పగిలింది. బోర్డు చేసిననాడు అన్ని వత్తులూ రెండేసి ఎక్కువ కోసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రేమ్ వెనక కట్టి వచ్చాను. నిచ్చెన ఎక్కి, అందులోంచి ఒకటి తీసి పాత రంధ్రాల్లోనే రెండు స్క్రూలు బిగించి దిగాను, పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త వత్తు ఎరుపు కాస్త చిక్కగా ఉంది, ఏడాది ఎండకు మిగతా అక్షరాలు అంత మేర వెలిశాయి. మరుసటి వారం ఆ రంగు షీట్‌కు బదులు బయట వాడకానికి గ్యారంటీ ఇచ్చే కాస్ట్ షీట్ తెప్పించడం మొదలుపెట్టాను.